బ్యాకప్ ఉందిగా, మరి ఇంతసేపెందుకు?

బ్యాంకులోనో, మీసేవ కౌంటర్ దగ్గరో, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో ఒక్కసారైనా ఈ మాట వినని తెలుగువాళ్ళు ఉండరు: "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి." ఆ మధ్య ఒక పెళ్ళిలో రెండో బంతి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, రిటైరైన ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు.

"మీ కంప్యూటర్ల వాళ్ళని ఒకటి అడగాలి బాబూ. మా మనవడు ఫోన్ పారేసుకున్నాడు. కొత్తది కొన్న అరగంటలో పాత మెసేజీలన్నీ వచ్చి కూర్చున్నాయి. మరి అంతంత ఆఫీసుల్లో డేటా పోతే, బ్యాకప్ ఉందంటారు, రెండురోజులు పడుతుందంటారు. ఉంటే పెట్టేయొచ్చుగా? లేకపోతే లేదని చెప్పొచ్చుగా?"

వడ్డన మొదలైంది కాబట్టి ఆ రోజు తప్పించుకున్నాను. కానీ ఆయన అడిగింది ఒకటి కాదు, రెండు ప్రశ్నలు. ఉన్న బ్యాకప్‌ని తిరిగి పెట్టడానికి అంతసేపు ఎందుకు? ఉందనుకున్న బ్యాకప్ ఒక్కోసారి లేకుండా ఎలా పోతుంది? మొదటిదానికి జవాబు కిరాణా కొట్టులో దొరుకుతుంది. రెండోదానికి 2017లో నిజంగా జరిగిన ఒక రాత్రి కథ చెప్పాలి.

చిట్టా, ఆవర్జా

కంప్యూటర్ బిల్లులు రాకముందు కొట్లో షావుకారు గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. పొద్దున కొట్టు తెరిచినప్పటి నుంచీ ఏది జరిగితే అది, జరిగిన వరసలో రాసుకుంటూ పోవడమే. రామయ్య బియ్యం తీసుకున్నాడు, అప్పు. సుబ్బమ్మ యాభై రూపాయలు కట్టింది, జమ. రెండోది ఆవర్జా. అందులో పేరు పేరునా ఒక పేజీ. రామయ్య బాకీ ఎంత అని అడిగితే ఆవర్జాలో ఆయన పేజీ తీస్తే చాలు. సాయంత్రం బేరాలు తగ్గాక చిట్టాలోవి ఒక్కొక్కటే ఆవర్జాలోకి ఎక్కించేవాళ్ళు.

ముందు ఆవర్జాలోనే రాసుకోవచ్చు కదా? రాసుకోవచ్చు, కానీ బేరం మీద ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ పేజీ వెతుక్కుంటూ కూర్చుంటే కొట్టు నడవదు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. రామయ్య తన బాకీలో ఐదొందలు సుబ్బమ్మ పేరున మార్చమన్నాడనుకోండి. ఆయన పేజీలో తీసేసి, ఆమె పేజీ తిప్పేలోగా ఎవరో పిలిచారు. ఆ ఐదొందలు గాల్లో ఉండిపోయాయి. చిట్టాలో ముందే ఒక వాక్యంగా రాసి ఉంటే, ఆవర్జా ఎక్కడ ఆగిందో చూసుకుని మిగతా సగం పూర్తి చేయొచ్చు.

డేటాబేస్ అంటే, పైపై హంగులు తీసేస్తే, ఈ రెండు పుస్తకాలే. పట్టికలన్నీ కలిపి ఆవర్జా. దానికంటే ముందు డిస్కు మీద రాసే చిట్టా ఒకటి ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని రైట్ అహెడ్ లాగ్ అంటారు. మనం 'ముందురాత' అందాం. చిట్టాలో పడ్డాకే డేటాబేస్ "సరే, పని అయింది" అని జవాబిస్తుంది. పట్టికలో మార్పు తర్వాత తీరిగ్గా చేరుతుంది. కరెంటు పోయి సర్వర్ హఠాత్తుగా ఆగిపోయినా, మళ్ళీ లేవగానే అది మొదట చేసే పని చిట్టా తీసి, ఆవర్జాకి ఎక్కనివి ఎక్కించుకోవడమే. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ ఉచిత డేటాబేస్‌లో ఈ చిట్టా మామూలుగా 16 మెగాబైట్ల ముక్కలుగా ఉంటుంది. వందపేజీల నోటుపుస్తకం నిండగానే కొత్తది తీసినట్టు.

ఇక్కడి నుంచి ఒక అందమైన సంగతి పుడుతుంది. ఉగాది నాటి ఆవర్జా నకలు ఒకటి మీ దగ్గరుంది. ఉగాది నుంచి ఇవాళ్టి దాకా చిట్టాలన్నీ కూడా ఉన్నాయి. ఇవాళ అసలు ఆవర్జాని ఎలుకలు కొట్టేశాయి. భయం లేదు. ఉగాది నకలు ముందు పెట్టుకుని, చిట్టా మొదటి పుటనుంచి ఎక్కిస్తూ వస్తే ఇవాళ్టి ఆవర్జా తయారవుతుంది. అంతేకాదు, నిన్న మధ్యాహ్నం మూడింటికి కుర్రాడు పొరపాటున అందరి బాకీలూ కొట్టేశాడనుకోండి, చిట్టాని రెండూ యాభైతొమ్మిది దాకా ఎక్కించి ఆపేయొచ్చు. కాలంలో ఏ క్షణానికి కావాలంటే ఆ క్షణానికి వెళ్ళి నిలబడటం ఇది. పాయింట్ ఇన్ టైమ్ రికవరీ అనే పెద్ద పేరు వెనక ఉన్నది ఇంతే. షరతు ఒక్కటే: చిట్టా పుస్తకాలు నిండగానే వాటిని వేరే చోట దాచి ఉండాలి. పాతవి చింపి పొట్లాలు కట్టేసుకుంటే కుదరదు.

నడుస్తున్న కొట్టుకి నకలు

ఇప్పుడు నకలు తీయడం సంగతి. కొట్టు మూసేసి రాసుకుంటే సులువే. కానీ బ్యాంకు సర్వర్‌ని మూయలేం. వందమంది రాస్తూ ఉండగానే నకలు తీయాలి.

ఒక గుమాస్తా ఆవర్జాని మొదటి పేజీ నుంచి నకలు రాస్తున్నాడు. రామయ్య పేజీ రాసేశాడు, బాకీ రెండువేలు. ముందుకెళ్ళాడు. ఈలోగా అందులో ఐదొందలు సుబ్బమ్మ పేజీకి మారింది. గుమాస్తా ఆమె పేజీకి వచ్చేసరికి ఆ ఐదొందలు అక్కడా కనిపించింది, రాసేశాడు. నకల్లో ఒకే ఐదొందలు రెండుచోట్ల ఉంది. ప్రతి పేజీ విడిగా చూస్తే నిజమే. పుస్తకం మొత్తంగా అబద్ధం. డేటాబేస్ ఫైళ్ళని మామూలు ఫైళ్ళలా కాపీ కొట్టేసి బ్యాకప్ అయిందనుకునేవాళ్ళకి దొరికేది ఇలాంటి పుస్తకమే.

దీనికి రెండు దారులు కనిపెట్టారు.

మొదటి దారిలో, నకలు మొదలైన క్షణాన్ని డేటాబేస్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ పద్దు మార్చినా పాతదాన్ని చెరిపేయకుండా పక్కనే కొత్తది రాస్తుంది. నకలు తీసేవాడికి పాతవే చూపిస్తుంది, మిగతావాళ్ళకి కొత్తవి. ఈ పద్ధతిలో వచ్చే నకలు ఒక పెద్ద రాతపత్రం: "ఇలాంటి పట్టిక గీయి, అందులో ఈ పద్దులు వేయి, ఆఖర్న ఈ చూపుడు పట్టిక (ఇండెక్సు) కట్టు" అని వరసగా ఆదేశాలు. దీన్ని డంప్ అంటారు. వంటకం కాదు, వంటకం రాసిన కాగితం అన్నమాట. చిన్నగా ఉంటుంది, ఏ వంటింటికైనా పనికొస్తుంది. కానీ తినాలంటే మళ్ళీ పొయ్యి వెలిగించాలి.

రెండో దారిలో, గుమాస్తాని తప్పుల తడకగానే నకలు తీయనిస్తారు. అయితే అతను రాయడం మొదలుపెట్టిన క్షణం నుంచి ముగించేదాకా నడిచిన చిట్టాని కూడా దానితో కలిపి దాస్తారు. తిరిగి పెట్టేటప్పుడు ఆ చిట్టాని నకలు మీద మళ్ళీ నడిపిస్తే ఎక్కడెక్కడ ముందువెనకలయ్యాయో అన్నీ సర్దుకుంటాయి. ఇది వంటకాన్ని గిన్నెతో సహా ఎత్తుకెళ్ళడం. తొందరగా తినొచ్చు, కానీ గిన్నె బరువు, పైగా అదే రకం పొయ్యి మీదే కూర్చుంటుంది. వేరే తరం డేటాబేస్ దాన్ని ఒప్పుకోదు.

పెద్దాయన మనవడి ఫోన్‌కి ఈ గొడవలేవీ లేవు. ఒక్క మనిషి డేటా, కొద్ది గిగాబైట్లు, ఒక మెసేజీకీ ఇంకోదానికీ ఐదొందల లెక్క ఏమీ లేదు. నకలు ముందటి రాత్రిది కావచ్చు. తర్వాత వచ్చిన నాలుగు మెసేజీలు పోయి ఉంటాయి, ఎవరూ గమనించి ఉండరు. బ్యాంకులో నాలుగు పద్దులు పోతే మర్నాడు గుమ్మం ముందు నలుగురు నిలబడతారు.

జనవరి 31 రాత్రి

గిట్‌ల్యాబ్ అనేది ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ కోడ్‌ని దాచుకుని, పదిమందితో కలిసి పనిచేసుకునే చోటు. 2017 జనవరి 31న అక్కడ జరిగినదాన్ని ఆ సంస్థ తనే నిమిషాల లెక్కతో సహా బయటపెట్టింది. తప్పు చేసిన ఇంజనీరు పేరు మనకి అనవసరం. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారని చదివిన ప్రతి సర్వర్ పనివాడికీ తెలుసు. నాకైతే ఆ నివేదిక మొదటిసారి చదివినప్పుడు అరచేతులు చెమట పట్టాయి.

వాళ్ళకి రెండు డేటాబేస్ సర్వర్లు ఉండేవి. డీబీ1 అసలుది. డీబీ2 దాని నీడ. అసలుదాని చిట్టా క్షణక్షణం నీడకి పారుతూ ఉంటుంది, నీడ దాన్ని తన ఆవర్జాలోకి ఎక్కించుకుంటూ ఉంటుంది. రెప్లికా అంటారు దీన్ని. చాలామంది దీన్నే బ్యాకప్ అనుకుంటారు. కాదు. అద్దంలో బొమ్మ మీ నకలే, కానీ మీరు ముఖానికి మసి పూసుకుంటే అదీ పూసుకుంటుంది. అసలు సర్వర్‌లో ఎవరైనా పట్టిక చెరిపేస్తే, ఆ చెరిపివేత కూడా నిజాయితీగా చిట్టాలో పడి, క్షణంలో నీడకి చేరుతుంది. అసలు యంత్రం కాలిపోతే నీడ పనికొస్తుంది. మనిషి చేయి జారితే పనికిరాదు.

ఆ సాయంత్రం స్పామర్ల తాకిడికి డేటాబేస్ మీద భారం పెరిగింది. నీడ వెనకబడింది. ఎంత వెనకబడిందంటే, అది ఇంకా చదవని చిట్టా ముక్కల్ని అసలు సర్వర్ "పాతవి కదా" అని పారేసింది. ఆ ముక్కల్ని వేరే చోట దాచే ఏర్పాటు లేదు. చిట్టా మధ్యలో పేజీలు పోయాక ఇక ఎక్కించేందుకు ఏముంది? నీడని మొత్తం తుడిచి, అసలుదాని నుంచి మళ్ళీ నకలు తెచ్చి నిలబెట్టాలి. ఇంజనీరు ఆ పనికి దిగాడు. నకలు తెచ్చే సాధనం ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. నిజానికి అది అసలు సర్వర్ పంపడం మొదలుపెట్టేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంది, కానీ ఆ మాట తెర మీద చెప్పదు. రాత్రి పదకొండు దాటింది. నీడ సర్వర్‌లో పాత ఫోల్డరు మిగిలి ఉండటం వల్ల అడ్డుపడుతోందేమో అనుకుని దాన్ని చెరిపేయమని ఆదేశం ఇచ్చాడు.

ఆ ఆదేశం ఇచ్చిన నల్ల కిటికీ డీబీ2ది కాదు, డీబీ1ది.

ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. అప్పటికి దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది సుమారు 4.5 గిగాబైట్లు. చెరపడం ఇంత తొందరగా ఎలా అయిందంటే, చెరపడం అంటే కంప్యూటర్‌కి లోపలి పుటలన్నీ తుడవడం కాదు, విషయసూచిక చింపేయడం. కుమ్మరికి ఒక ఏడు, గుదియకి ఒక పెట్టు.

దూరపు సర్వర్ల పనిలో ఉన్న అసలు చిక్కు ఇదే. యంత్రం మీ ముందు ఉండదు. ఎక్కడో వేరే ఊళ్ళో, వేరే దేశంలో ఉంటుంది. మీ ముందున్నది ఒక నల్ల కిటికీ, అందులో తెల్ల అక్షరాలు. రెండు కిటికీలకీ తేడా ఒక్క అంకె. కవలల్లో జ్వరం ఉన్నవాడికి కాక మరొకడికి సూది వేసినట్టు. మనుషులైతే కనీసం అరుస్తారు.

సరే, పోయింది. బ్యాకప్ తీద్దాం. పెద్దాయన రెండో ప్రశ్న ఇక్కడికే వచ్చి ఆగుతుంది.

రోజుకోసారి డంప్ తీసి, అమెజాన్ వాళ్ళ నిల్వలో దాచే ఏర్పాటు ఉంది. తెరిచి చూస్తే ఆ డబ్బా ఖాళీ. కారణం విన్నవాళ్ళకి నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6. డంప్ తీసే సాధనం మాత్రం 9.2 తరానిది నడుస్తోంది. తనకంటే కొత్తతరం పుస్తకాన్ని నకలు తీయడానికి అది ఒప్పుకోదు, తప్పేమీ లేదు, సరిగ్గా చదవలేనిదాన్ని రాయననడం మంచి గుమాస్తా లక్షణమే. ఆ మాటే చెప్పి రోజూ ఆగిపోయేది. ఆగిపోయానని రోజూ ఈమెయిలు కూడా పంపేది. కానీ ఆ మెయిళ్ళ మీద ఇప్పటి పద్ధతి ప్రకారం ఉండాల్సిన డిజిటల్ సంతకం లేదు. సంతకం లేని ఉత్తరాలని తీసుకునేవైపు సర్వర్ గుమ్మంలోంచే తిప్పి పంపేసింది. పనిమనిషి రోజూ "అమ్మా, గ్యాస్ అయిపోయింది" అని చీటీ రాసి పెడుతోంది, వీధి తలుపు దగ్గర కాపలావాడు రోజూ దాన్ని చించేస్తున్నాడు. ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

మరో ఏర్పాటు, మైక్రోసాఫ్ట్ అజూర్‌లో డిస్కుని ఉన్నపళంగా బొమ్మతీసి ఉంచే స్నాప్‌షాట్. ఫైళ్ళు దాచే సర్వర్లకి పెట్టారు. డేటాబేస్ సర్వర్లకి పెట్టలేదు. ఐదు రకాల ఏర్పాట్లున్నాయనుకుంటే ఏదీ నమ్మదగ్గట్టు పనిచేయట్లేదని ఆ రాత్రి వాళ్ళే అందరూ చూసే పత్రంలో రాసుకున్నారు.

అదృష్టం ఒక్కచోట దాక్కుని ఉంది. ప్రమాదానికి ఆరు గంటల ముందు, అంతర్జాతీయ కాలమానంలో సాయంత్రం 5.20కి, ఒక ఇంజనీరు వేరే ఏదో ప్రయోగం కోసం అసలు డేటాబేస్‌కి ఒక స్నాప్‌షాట్ తీసి రిహార్సల్ సర్వర్‌లో ఎక్కించాడు. నాటకానికి రిహార్సల్ ఉన్నట్టే సాఫ్ట్‌వేర్‌కీ ఒక రిహార్సల్ చోటు ఉంటుంది, స్టేజింగ్ అంటారు. బ్యాకప్ కోసం తీసింది కాదది. అదే దిక్కయింది. అది లేకపోతే మామూలుగా 24 గంటలకోసారి తీసే పాత స్నాప్‌షాట్ మీద ఆధారపడాల్సి వచ్చేది.

సినిమావాళ్ళకీ ఇలాంటి గండం ఒకటి గడిచింది. 1998లో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా పిక్సార్‌లో ఎవరో ఇదే రకం చెరిపే ఆదేశం ఇచ్చారు. బొమ్మలు తెర మీద ఒక్కొక్కటే మాయమయ్యాయి. బ్యాకప్ టేపులు సరిగ్గా లేవు. పసిబిడ్డ ఉండటం వల్ల ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని కంప్యూటర్‌లో ఉన్న నకలు ఆ సినిమాని కాపాడింది. దుప్పట్లు చుట్టి కార్లో తెచ్చారు ఆ కంప్యూటర్‌ని.

బస్సెక్కిన డిస్కు

నకలు దొరికింది. ఇక తెచ్చి పెట్టేయడమేగా అంటే, తేవడమే కథ.

గిట్‌ల్యాబ్‌వాళ్ళ రిహార్సల్ సర్వర్ చవకరకం డిస్కుల మీద నడిచేది. దాని వేగం సెకనుకు 60 మెగాబిట్ల దరిదాపు. బిట్టు వేరు, బైట్ వేరు. ఎనిమిది బిట్లు ఒక బైట్. ఇంటర్నెట్ అమ్మేవాళ్ళు బిట్లలో చెప్తారు, ఫైళ్ళ సైజు బైట్లలో ఉంటుంది, మధ్యలో ఎనిమిది రెట్ల తేడా మన జేబుకి తగులుతుంది. 300 గిగాబైట్లని ఆ వేగంతో పంపాలంటే ఏ అడ్డూ లేకుండా పదకొండు గంటలు. వాళ్ళకి దాదాపు 18 గంటలు పట్టింది. అంతసేపూ వాళ్ళు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. వేలమంది చూశారు. క్రికెట్ చూసినట్టు ఫైలు కాపీ కావడాన్ని చూడటమన్నది చరిత్రలో అదే మొదటిసారేమో.

మన దగ్గరి లెక్క ఒకటి వేద్దాం. విజయవాడలో ఒక ఆఫీసు, దాని బ్యాకప్ 4 టెరాబైట్లు, సర్వర్ హైదరాబాద్‌లో. ఆఫీసు నుంచి పైకి పంపే వేగం సెకనుకు 50 మెగాబిట్లు. కాగితం మీద వేసి చూడండి: ఏడు రోజులకి పైనే. అదే 4 టెరాబైట్లు ఒక్క హార్డ్ డిస్కులో పడుతుంది. దాన్ని బస్సు పార్సిల్‌లో వేస్తే ఆరుగంటల్లో హైదరాబాద్‌లో దిగుతుంది. అంటే ఆ బస్సు సెకనుకు 1,500 మెగాబిట్ల తీగతో సమానం. డిస్కులోకి ఎక్కించడానికి ఏడెనిమిది గంటలు, అక్కడ దించడానికి అంతే, అన్నీ కలిపినా ఒక రోజు. పెద్ద క్లౌడ్ కంపెనీలు కూడా భారీ డేటా ఉన్నవాళ్ళకి పెట్టెలు పంపి, నింపి తిరిగి పంపమనేది ఇందుకే. ఈ రంగంలో పాతకాపులు బ్యాకప్ ఎంత ఉందని అడగరు, తిరిగి రావడానికి ఎన్ని గంటలని అడుగుతారు.

దూరం ఇంత బాధ పెడుతుంటే నకలు పక్కనే పెట్టుకోవచ్చుగా? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి నిలువునా కాలిపోయింది. కొందరు ఖాతాదార్ల అసలూ బ్యాకప్పూ ఆ ఆవరణలోనే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్ళు దాచుకునే నిల్వ, 858 టెరాబైట్లు, అందులో బూడిదైంది. మరీ పెద్దదని దానికి బయట నకలు ఉంచలేదు. 2000ల నాటికే పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన ఫొటోల కోసం ఒక లెక్క చెప్పాడు: మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఊరికి అవతల. ఇంజనీర్లందరూ ఇప్పటికీ దాన్నే వల్లిస్తారు. ఆవకాయ జాడీ ఒకటి పుట్టింట్లో ఉంచుకునే ఇల్లాళ్ళకి ఇది కొత్త కాదు.

తాళంచెవి సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. దూరం పంపే నకలుని దొంగలు చదవకుండా సంకేతభాషలోకి మార్చి పంపుతారు. విప్పే తాళంచెవి చాలామంది ఆ సర్వర్‌లోనే ఉంచుతారు. సర్వర్ పోయిన రోజున తెలుస్తుంది, బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు వేశామని.

తిరిగి ఎక్కించడం

నకలు గమ్యం చేరింది. ముందు అది చెక్కుచెదరకుండా వచ్చిందా చూడాలి. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ కలిపి గణితంతో ఒక చిన్న అంకె పుట్టిస్తారు, చెక్‌సమ్ అంటారు, మనం సరిచూపు అంకె అందాం. పంపినచోటా చేరినచోటా అది ఒక్కటే అయితే దారిలో ఏమీ మారనట్టే. అయితే ఇది దారి సంగతే చెప్తుంది. పాత తాళపత్ర లేఖకులు చివర్లో ఒక మాట రాసేవారు, చూసిన ప్రతిలో ఎలా ఉందో అలాగే రాశాను, దోషం ఉంటే నాది కాదని. సరిచూపు అంకె హామీ కూడా అంతవరకే. మూలంలోనే చెడిన పద్దు ఉంటే అది అక్షరం పొల్లుపోకుండా చెడిపోయే వస్తుంది.

రెండోది, చోటు. కుదించిన డంప్ 40 గిగాబైట్లుంటే, విప్పాక దానికి ఎన్నో రెట్లు అవుతుంది. పట్టికలకి చోటు, చూపుడు పట్టికలకి చోటు, ఎక్కిస్తుండగా పుట్టే చిట్టాకీ చోటు. డిస్కు నిండిపోయి ఐదో గంటలో ఆగిన పనిని మళ్ళీ మొదటినుంచి చేయాలి.

మూడోది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చోట, ఇంటి నుంచి దూరపు సర్వర్ మీద డేటాబేస్ ఎక్కిస్తున్నాను. నాలుగో గంటలో మా వీధిలో కరెంటు పోయింది. నా కిటికీ మూసుకుపోయింది. కిటికీతో పాటు అక్కడ నడుస్తున్న పనీ ఆగిపోయింది. ఫోన్లో ఒక్కొక్క మాటా చెప్తూ ఎవరిచేతనో వంట చేయిస్తున్నప్పుడు లైను కట్ అయితే వాళ్ళు గరిటె పట్టుకుని నిలబడిపోతారు చూడండి, అలా. కాగితం మీద రాసిచ్చి "నువ్వు కానివ్వు, నేను మధ్యలో మళ్ళీ ఫోన్ చేస్తాను" అని ఉంటే లైను పోయినా వంట సాగేది. సర్వర్‌లోనే ఉండిపోయి, మనం వచ్చినా వెళ్ళినా పని నడిపించే చిన్న సాధనాలున్నాయి, స్క్రీన్, టీమక్స్ అని. ఆ రాత్రి తర్వాత వాటిని తెరవకుండా నేను సర్వర్‌లో పెద్ద పనేదీ మొదలుపెట్టలేదు.

ఇక అసలు ఎక్కింపు. పెద్దాయన మొదటి ప్రశ్నకి పూర్తి జవాబు ఇక్కడుంది. డంప్‌లో పద్దులుంటాయి కానీ చూపుడు పట్టికలు, అంటే ఇండెక్సులు, ఉండవు. వాటిని కట్టమన్న ఆదేశం మాత్రం ఉంటుంది. కోటి పద్దుల్లో ఒక పేరుని రెప్పపాటులో వెతికిపెట్టేది ఇండెక్సే. దాన్ని కట్టాలంటే కోటి పద్దుల్నీ చదివి, అకారాది క్రమంలో పేర్చాలి. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ లారీలోంచి దించేశారు. కానీ కార్డు డబ్బాలు ఖాళీ. ప్రతి పుస్తకం తెరిచి కార్డు రాసి సర్దేదాకా పాఠకులని లోపలికి రానివ్వలేరు. ఆ తర్వాత బంధాలు సరిచూడటం: ఈ రసీదు మీదున్న ఖాతాదారు నిజంగా ఖాతాల పట్టికలో ఉన్నాడా అని ఒక్కొక్కటే చూడాలి. నకలు తీయడానికి గంట పట్టినచోట ఎక్కించడానికి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. దించుకోవడం కంటే ఎత్తడం ఎప్పుడూ కష్టమే.

జాగ్రత్త తెలిసినవాళ్ళు ఉన్న డేటాబేస్ మీద నేరుగా ఎక్కించరు. పక్కన వేరే పేరుతో ఎక్కించి, నాలుగు పద్దులు తీసి చూసి, ఆఖరి పద్దు తేదీ ఎంతో చూసి, అప్పుడు పేర్లు మారుస్తారు. పాతది చెడిపోయిందే అయినా చెరపరు. చెడిన ఆవర్జాలోంచి కూడా ఒక్కోసారి రెండు పేజీలు పనికొస్తాయి.

గిట్‌ల్యాబ్ తర్వాత రోజు, ఫిబ్రవరి 1 సాయంత్రానికి మళ్ళీ తెరుచుకుంది. కోడ్ వేరే సర్వర్లలో ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. పోయింది ఆ ఆరుగంటల పైచిలుకు డేటాబేస్ పద్దులు: దాదాపు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు. తర్వాత వాళ్ళు చేసుకున్న మార్పుల్లో నాకు నచ్చినవి రెండు. ఒకటి, ఏ సర్వర్‌లో ఉన్నామో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేలా నల్ల కిటికీల్లో పేర్లూ రంగులూ మార్చాలనుకోవడం. రెండోది, తీసిన బ్యాకప్‌ని యంత్రమే తనంతట తాను వేరే సర్వర్‌లో ఎక్కించి చూసే ఏర్పాటు. ఎక్కితేనే అది బ్యాకప్ కింద లెక్క.

మళ్ళీ తెరిచేముందు వాళ్ళు ఇంకో చిన్న పని చేశారు. డేటాబేస్‌లో కొత్తగా పుట్టే ప్రతి పద్దుకీ ఒక వరస నంబరు పడుతుంది. పోయిన గంటల్లో కూడా నంబర్లు పంచేశారు. ఆ నంబర్లతో లింకులు జనం మెయిళ్ళలోకి వెళ్ళిపోయాయి. తిరిగి నిలబెట్టిన డేటాబేస్‌కి ఆ గంటలే తెలియవు కాబట్టి అవే నంబర్లని మళ్ళీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది. అప్పుడు ఎవరి పాత లింకో నొక్కితే ఇంకెవరి పద్దో తెరుచుకుంటుంది. అందుకని అన్ని వరసల్నీ ఒక్కసారిగా 1,00,000 ముందుకి జరిపారు. చిట్టాలో రాత లేని పేజీలు కొన్ని వదిలేసి, ఆ తర్వాతి పుట నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టారు.